చేప పిండాలలో అన్య జన్యువుల ప్రవేశం: పద్ధతులు, నిబంధనలు

గురజాల: పల్నాడు జిల్లా గురజాల రెవెన్యూ డివిజన్‌కు ఉత్తరాన కృష్ణా నది ప్రవహిస్తున్నది. ఈ ప్రాంతంలో పెంచే చేపలలో బొచ్చె, శీలావతి (రోహు) ముఖ్యమైనవి. "మెరుగుపరచిన విత్తనం", "జన్యుమార్పిడి చేప" అనే మాటలు వేర్వేరు అర్థాలు గలవి. పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం ఈ వివరాలు పొందుపరచడమైనది.

చేప గుడ్డు తల్లి శరీరం వెలుపల, నీటిలోనే ఫలదీకరణ చెంది పెరుగుతుంది. అందువల్ల పశువుల విషయంలో వలె పిండాన్ని తిరిగి గర్భంలో చేర్చనవసరం లేదు. చైనా శాస్త్రవేత్త ఝు జువోయాన్ బృందం గోల్డ్‌ఫిష్ గుడ్లలో మానవ పెరుగుదల హార్మోన్ జన్యువును ప్రవేశపెట్టిన ఫలితాలను 1985లో ప్రకటించింది.

ముఖ్య పద్ధతులు

మైక్రోఇంజెక్షన్: గుడ్డు ఏకకణ దశలో ఉన్నప్పుడు సూక్ష్మదర్శిని సాయంతో సన్నని గాజు సూది ద్వారా జన్యు ద్రావణాన్ని ఎక్కిస్తారు. ఒక్కొక్క గుడ్డుకు విడిగా చేయవలసినందున శ్రమ అధికం.

ఎలక్ట్రోపొరేషన్: స్వల్పకాల విద్యుత్ ప్రవాహంతో కణపొరలో తాత్కాలిక రంధ్రాలు ఏర్పరచి, ఒకేసారి అనేక గుడ్లలోనికి జన్యువును పంపుతారు.

వీర్యకణ పద్ధతి: జన్యువును ముందుగా వీర్యకణాలలో చేర్చి, వాటితో గుడ్లను ఫలదీకరిస్తారు.

జన్యువు ఆలస్యంగా స్థిరపడినచో కొన్ని కణాలలోనే ఉంటుంది. బీజకణాలలో చేరితేనే సంతతికి సంక్రమిస్తుంది. కావున తరువాతి తరాలను పరీక్షించడం తప్పనిసరి.

మన దేశంలో మదురై కామరాజ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రోహుకు దాని సొంత పెరుగుదల హార్మోన్ జన్యువునే అదనంగా చేర్చి, వేగంగా పెరిగే చేపలను ప్రయోగశాలలో రూపొందించారు. ఈ ఫలితాలు 2004లో వెలువడినవి. అమెరికాలో ఆహారంగా 2015లో అనుమతి పొందిన జన్యుమార్పిడి సాల్మన్‌ను నేలపై నిర్మించిన తొట్లలో, సంతానోత్పత్తికి పనికిరాని ఆడ చేపలుగా పెంచారు. తప్పించుకున్న చేప నదిలోని సహజ జాతులతో కలిసే ప్రమాదాన్ని నివారించడమే ఇందుకు కారణం. నదిలో కలిసిన చేపను తిరిగి పట్టి తేవడం దాదాపు అసాధ్యం.

పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద రూపొందిన 1989 నిబంధనల ప్రకారం జన్యుమార్పిడి జీవులను పర్యావరణంలోకి విడుదల చేయడానికి కేంద్ర అనుమతి తప్పనిసరి. ఆహారపు చేప దేనికీ దేశంలో ఇట్టి వాణిజ్య అనుమతి లభించలేదు.

కాగా, భువనేశ్వర్ సమీపంలోని కేంద్రీయ మంచినీటి మత్స్య పెంపక పరిశోధన సంస్థ 1997లో విడుదల చేసిన "జయంతి రోహు" జన్యుమార్పిడి చేప కాదు. నార్వే సహకారంతో, వివిధ నదుల రోహు చేపల నుండి వేగంగా పెరిగేవాటిని తరతరాలుగా ఎంపిక చేసి రూపొందించినది. అన్య జన్యువు ఏదీ ఇందులో చేర్చలేదు. కావున ఈ విత్తనాన్ని పెంచే రైతులకు నష్టం కలుగకుండా, వార్తలలోను, నివేదికలలోను ఈ భేదాన్ని పాటించడం సముచితం.