తాకకుండా వేగం కొలిచిన కథ

గర్భిణీలకూ, గుండె జబ్బువారికీ డాక్టర్లు రాసే 'డాప్లర్ పరీక్ష' పేరు మన ఇళ్ళలో వినని వారు అరుదు. అదేదో యంత్రం పేరనుకొంటాం గానీ, నిజానికి ఒక మనిషి పేరు. క్రిస్టియన్ డాప్లర్ ఆస్ట్రియా దేశస్థుడు, ప్రాగ్ నగరంలో లెక్కల పంతులు. 1842లో ఆయన చదివిన వ్యాసంలో గుండె ఊసే లేదు. అది జంట నక్షత్రాల రంగుల గురించినది.

కూత వేస్తూ రైలు మన వైపు వస్తుంటే ఆ కూత కీచుగా వినిపిస్తుంది. మనల్ని దాటిపోగానే బొంగురుపోతుంది. వచ్చేటప్పుడు ధ్వని అలలు దగ్గర దగ్గరగానూ, పోయేటప్పుడు ఎడం ఎడంగానూ చెవిని చేరడమే కారణం. వెలుతురూ అలే గదా, మన వైపు వచ్చే నక్షత్రం నీలంగా, దూరమయ్యేది ఎర్రగా కనిపించాలి అన్నాడు డాప్లర్. సూత్రం సరైనదే, ఉదాహరణే తప్పు. నక్షత్రం రంగు ముఖ్యంగా దాని వేడిని బట్టి ఉంటుంది.

హాలెండులో బాయిస్ బలాట్ అనే యువకుడు దీన్ని పరీక్షించదలిచాడు. 1845లో ఉట్రెక్ట్ దగ్గర రైలుబండి మీద బాకాలు ఊదేవారిని ఎక్కించి, పట్టాల పక్కన స్వరజ్ఞానం ఉన్నవారిని నిలబెట్టాడు. స్వరం మారడం వారి చెవులే పట్టాయి. ధ్వని సంగతి ఒప్పుకొన్న బలాట్, నక్షత్రాల రంగుల సంగతి మాత్రం ఒప్పుకోలేదు. రెండింటా ఆయన మాటే నెగ్గింది!

దారి చూపినవాడు ఫ్రాన్సుకు చెందిన ఫిజో. రంగును చూడకండి, వర్ణపటంలోని గీతలు ఎంత జరిగాయో చూడండి అని 1848లో చెప్పాడు. లెక్క చాలా సులువు. గీత తన కొలతలో వెయ్యోవంతు జరిగితే, వేగం కాంతి వేగంలో వెయ్యోవంతు, అంటే సెకనుకు 300 కిలోమీటర్లు. నీలం కొసకు జరిగితే వస్తున్నట్టు, ఎరుపు కొసకు జరిగితే పోతున్నట్టు.

1868లో లండనులో హగ్గిన్స్ తన ఇంటి దూరదర్శినితో మృగవ్యాధుడనే సిరియస్ నక్షత్రాన్ని ఇలాగే కొలిచాడు. సెకనుకు సుమారు 47 కిలోమీటర్ల వేగంతో దూరమవుతోందన్నాడు. అసలు అది 5, 6 కిలోమీటర్ల వేగంతో దగ్గరవుతోంది! ఒట్టి కంటితో అంత సన్నని తేడా పట్టడం ఎవరి తరం? 1888 ప్రాంతంలో జర్మనీలో ఫోగెల్ ఫోటోలు తీయడం మొదలుపెట్టాకే కొలత కుదురుకొంది.

ఈ పద్ధతి విలువ తెలియాలంటే మన హైదరాబాదు సంగతి చెప్పుకోవాలి. నవాబ్ జఫర్ జంగ్ బహదూర్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాల, తరువాత బేగంపేటలో ఏళ్ళ తరబడి ఆకాశాన్ని ఫోటో పలకల మీదికెక్కించి, లక్షలాది నక్షత్రాల స్థానాలు గుర్తించింది. అలాంటి పలకలను దశాబ్దాల తరువాత కొత్తవాటితో పోల్చితే నక్షత్రం పక్కకు ఎంత జరిగిందో తెలుస్తుంది. ఎంతో ఓపిక కావలసిన పని. అయినా దూరం తెలియనిదే అది సెకనుకు ఎన్ని కిలోమీటర్లో చెప్పలేం. వర్ణపటానికి ఆ దూరంతో పని లేదు.

దేవయాని నక్షత్ర మండలంలో ఒక చిన్న మబ్బు ఉందని 964లో అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ తన నక్షత్ర గ్రంథంలో రాశారు. దాని గురించి మనకు తెలిసిన తొలి రాత అదే. దాని దూరమెంతో ఎవరూ తేల్చకముందే, 1912లో అమెరికాలోని ఆరిజోనాలో స్లైఫర్ దాని వేగం కొలిచాడు. ఒక్కో పలకకు గంటల తరబడి వెలుతురు పట్టవలసి వచ్చింది. సెకనుకు 300 కిలోమీటర్లు, అదీ మన వైపే! 1917 నాటికి ఆయన అలాంటి 25 మబ్బులను కొలిస్తే 21 దూరమవుతున్నవే. అల్ సూఫీ మబ్బు మిగిలిన నాలుగింటిలోది.