తీర్పుకు ఒక్క ఆదివారం, కనికరానికి 20 ఏళ్లు
సేలెం సంఘ చరిత్ర నుండి ఒక పాఠం

సంఘానికి క్రమశిక్షణ అవసరమని మనమందరం అంగీకరిస్తాం. అయితే తీర్పు ఎంత త్వరగా జరుగుతుందో, కనికరం ఎంత ఆలస్యంగా వస్తుందో చెప్పడానికి అమెరికాలోని మస్సాచుసెట్స్ ప్యూరిటన్ సంఘాల చరిత్ర ఒక సాక్ష్యం.

1692లో సేలెం గ్రామంలో కొందరు బాలికలు తమను మంత్రగత్తెలు బాధిస్తున్నారని కేకలు వేశారు. వారు పేర్కొన్నవారిలో రెబెకా నర్స్ ఒకరు. ఆమె 71 ఏళ్ల వృద్ధురాలు, పక్కనున్న సేలెం పట్టణ సంఘంలో సభ్యురాలు, భక్తిపరురాలని పేరు పొందిన తల్లి. నేరం మోపినవారికి మాత్రమే కనిపించిన ఆమె రూపమే ఆమెకు విరోధంగా సాక్ష్యమైంది. జ్యూరీ మొదట ఆమెను నిర్దోషి అన్నది. ఆమె పలికిన ఒక మాటను న్యాయాధిపతి ఎత్తి చూపగా, జ్యూరీ దాని అర్థం అడిగింది. వినికిడి తగ్గి, దుఃఖంలో మునిగిన ఆమె జవాబివ్వలేదు. ఆ మౌనంతో తీర్పు మారిపోయింది. జూలై 3, ఆదివారం నాడు సంఘం ఆమెను ఏకగ్రీవంగా వెలివేసింది. జూలై 19న ఉరితీశారు. ఆ సంవత్సరం నేరం ఒప్పుకొన్నవారిలో ఎక్కువమంది ప్రాణాలతో మిగిలారు. ఒప్పుకోని 19 మంది ఉరికంబమెక్కారు.

గ్రామ సంఘం చీలిపోయింది. నర్స్ కుటుంబం ప్రభువు బల్లకు దూరమైంది. 1698లో వచ్చిన కొత్త కాపరి జోసెఫ్ గ్రీన్ సమాధానానికి పూనుకున్నాడు. 1699 ఫిబ్రవరిలో ఆ కుటుంబంవారు తిరిగి బల్లలో పాలుపొందారు. 1706లో, నేరం మోపిన బాలికలలో ఒకరైన ఆన్ పట్నం సంఘం ఎదుట నిలబడగా, ఆమె ఒప్పుకోలును గ్రీన్ చదివి వినిపించాడు. అందులో రెబెకా పేరు ప్రత్యేకంగా ఉంది. సంఘం ఆన్‌ను చేర్చుకున్నది.

అయినా పట్టణ సంఘం పుస్తకంలో రెబెకా ఇంకా వెలివేయబడినదిగానే ఉంది. ఆమె కుమారుడు శామ్యూల్ కోరగా, 1712 మార్చి 6న సంఘం ఆ వెలిని రద్దు చేసింది. అప్పటికి ఆమె చనిపోయి 19 ఏళ్లు దాటింది.

ఆ సంఘస్థులు దేవుని భయం లేనివారు కారు. పరిశుద్ధతను కాపాడుతున్నామనే నమ్మారు. మనం జడియవలసినది ఇందుకే. మన సంఘాలలో బల్ల నిలిపివేయబడినవారి పేర్లు పుస్తకాలలో ఉన్నాయి. వారు చెప్పినది మనం పూర్తిగా విన్నామా? ఆ పేర్లను మళ్లీ ఎప్పుడు తెరిచి చూశాం? పొరబడిన తీర్పును సరిదిద్దడం కాపరికి అవమానం కాదు, అది కూడా క్రమశిక్షణలో భాగమే. ఆ పని, మనిషి బ్రతికి ఉండగానే చేద్దాం.