డబ్బు ముందు, భాష తర్వాత

కొత్త ప్రాజెక్టుకి ఏ లాంగ్వేజ్ వాడాలన్న గొడవ మన ఆఫీసుల్లో ఎప్పుడూ ఉండేదే. జావా వాళ్ళు జావా అంటారు, పైథాన్ వాళ్ళు పైథాన్ అంటారు. చివరికి టీములో ఎక్కువమందికి ఏదొస్తే అదే ఖాయం. బగ్గు వస్తే ప్యాచ్ వేసుకుంటాం. స్మార్ట్ కాంట్రాక్టుల సంగతి అలా కాదు. చైను మీదికెక్కిన కోడ్‌ని మార్చడం మామూలుగా కుదరదు, పైగా అందులో ఉండేది జనం డబ్బు. కాబట్టి వాటి భాషల చరిత్ర కొంచెం తెలుసుకోవాల్సిందే.

ఇథీరియం 2014లో ఈథర్ అమ్మి దాదాపు 1.8 కోట్ల డాలర్లు పోగేసింది. నెట్‌వర్క్ మొదలైంది మాత్రం 2015 జులై 30న. అంటే సరుకు రాకముందే సొమ్ము వచ్చేసింది! అప్పటికి పైథాన్‌ని పోలిన సర్పెంట్, లిస్ప్‌ని పోలిన ఎల్ఎల్ఎల్ లాంటి భాషలున్నాయి. గెలిచింది మాత్రం గావిన్ వుడ్ 2014లో ప్రతిపాదించిన సాలిడిటీ. చూడ్డానికి జావాస్క్రిప్ట్‌లా ఉంటుంది కాబట్టి వెబ్ ప్రోగ్రామర్లు సులువుగా వచ్చి చేరారు. తెలివైన ఆలోచనే. కానీ వెబ్ పేజీ రాసే అలవాటుతో బ్యాంకు రాస్తే ఏమవుతుంది?

నేనింకా ఇంజనీరింగ్ చదువుతున్న 2016లోనే దానికి జవాబు దొరికింది. 'ద డావో' అనే కాంట్రాక్టులో జనం సుమారు 15 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ పోశారు. జూన్ 17న ఎవరో 36 లక్షల ఈథర్ లాగేశారు. క్యాషియరు ముందు డబ్బు చేతికిచ్చి, ఆ తర్వాత ఖాతాలో రాస్తాడనుకోండి. రాసేలోపు ఇంకో స్లిప్పు ఇస్తే మళ్ళీ ఇస్తాడు కదా, అదీ లొసుగు. భాష ఆ వరసని అడ్డుకోలేదు. జులై 20న చైనునే చీల్చి డబ్బు వెనక్కి ఇప్పించారు. ఒప్పుకోనివాళ్ళు ఇథీరియం క్లాసిక్‌గా మిగిలారు.

ఇంత జరిగాక మదుపర్లు వెనక్కి తగ్గారా? లేదు. గణిత పద్ధతిలో కోడ్ సరైనదని నిరూపించొచ్చంటూ, మైఖెల్సన్ అనే భాషతో టెజోస్ 2017 జులైలో 23 కోట్ల డాలర్లకి పైగా సేకరించింది. దాని నెట్‌వర్క్ కూడా మరుసటి ఏడే మొదలైంది. ఇక్కడ భాషే అమ్మకానికి పెట్టిన సరుకైపోయింది. అదే నెలలో సాలిడిటీలో రాసిన ప్యారిటీ వాలెట్ నుంచి సుమారు 1.5 లక్షల ఈథర్ పోయింది. నవంబరులో 5 లక్షలకి పైగా ఈథర్ ఇరుక్కుపోయింది.

పోనీ భద్రత కోసమే పుట్టిన భాషైతే? వైపర్ అలాంటిదే. 2023 జులైలో దాని పాత కంపైలర్ వెర్షన్లలో లోపం బయటపడి కర్వ్ పూల్స్ నుంచి కోట్ల డాలర్లు పోయాయి. పనిచేయకుండా పోయింది ఏంటనుకున్నారు? డావో లాంటి దొంగతనాన్ని ఆపాల్సిన తాళమే!

సాలిడిటీ కూడా మారింది. లెక్క హద్దు దాటితే దానంతటదే ఆగిపోవడం 2020 డిసెంబరులో, 0.8 వెర్షన్‌తో వచ్చింది. అప్పటిదాకా ఆ జాగ్రత్త ప్రోగ్రామరే పడాలి. అయినా డబ్బు, పనిముట్లు, ఆడిటర్లు అన్నీ దాని చుట్టూనే చేరాక దాన్ని వదిలేవాళ్ళెవరు?

నాకర్థమైంది ఒకటే. భాష ఎంత మంచిదైనా అది పండటానికి ఏళ్ళు పడుతుంది, పెట్టుబడికి అంత ఓపిక ఉండదు. రేపెవరైనా కొత్త చైను వైట్‌పేపర్ చూపించి మా భాష భలే భద్రం అంటే, తప్పు జరిగితే నష్టం ఎవరు భరిస్తారో ముందు అడగండి. సిలికాన్ వ్యాలీ ఫండ్ తట్టుకుంటుంది. మన ప్రావిడెంట్ ఫండు తట్టుకోలేదు.