బందరు బడిలో మగ్గం చప్పుడు



ఈ వారం మీతో బడి గదిని గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. చదువును గురించి చెప్పాలిగాని గదిని గురించి చెప్పేందుకేముంది అంటారేమో! నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

నా పుట్టిల్లు దివిసీమ, మెట్టినిల్లు గుడివాడ. మధ్యలో పదో తరగతి దాకా చదువు వెలగబెట్టింది బందర్లో, మా పిన్నిగారింట్లో ఉండి. మా హైస్కూల్లో ఒక సైన్సు గది ఉండేది. అందులో అద్దాల బీరువా, బీరువాలో గాజు గొట్టాలూ, అయస్కాంతాలూ, ఓ భూతద్దమూ. బీరువాకి తాళం. అన్నేళ్ళలో ఆ తాళం తీయగా నేను చూసింది ఒక్కసారే, ఇన్‌స్పెక్షనుకి పెద్దలు వచ్చిన రోజున! "ముట్టుకుంటే పగులుతాయి" అనేవారు. చేతులు కట్టుకుని కూర్చోవటమే మంచి పిల్ల లక్షణం. ఇంటికొస్తే మాత్రం అంట్లు తోమటం దగ్గర్నుంచి పూలు కట్టటం దాకా ఆ చేతులకు ఖాళీ ఉండేది కాదు.

మొన్న మా అబ్బాయి బడిలో తల్లిదండ్రుల మీటింగుకి వెళ్ళాను. కొత్త మేడ, నున్నటి గచ్చు, బ్రహ్మాండంగా ఉంది. కాని బల్లలన్నీ నేలకు బోల్టులేసి బిగించేశారు. పిల్లలు నలుగురు ఒకరి మొహం ఒకరు చూసుకోవాలంటే మెడలు తిప్పుకోవాల్సిందే. "పిల్లలు కలిసి చేసే పనులేమీ ఉండవా అండీ?" అని అడిగాను. "గోల చేస్తారమ్మా, సిలబస్ పూర్తికాదు" అన్నారు. ఇంట్లో పాడైన మిక్సీ విప్పి, మళ్ళీ తిరిగేట్టు చేసే మావాడు అక్కడ వెనక బల్లమీద మొద్దబ్బాయి. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఈ బల్లల వరసలు ఎప్పటివి, ఎక్కణ్ణించి వచ్చాయి అని ఆలోచించుకుంటూ ఉంటే, మన జిల్లా చరిత్రే జవాబు చెప్పింది.

పూర్వం మన ఊళ్ళల్లో బల్లలు లేవు. పంతులుగారి వీధరుగే బడి. ఇసుక పోసి వేలితో ఓనమాలు దిద్దేవారు. కాస్త వచ్చిన పిల్లవాడు రానివాడికి చెప్పేవాడు. 1790 ప్రాంతంలో మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమం చూసుకునే ఆండ్రూ బెల్ అనే దొరగారు, అరుగు బడి పిల్లలు ఇసుకలో రాసుకోవటం చూసి, ఆ పద్ధతిని తన బడిలో పెట్టారు. పిల్లల చేత పిల్లలకు చెప్పించారు. 1797లో లండనులో దాన్ని గురించి పుస్తకం వేశారు. ఇంగ్లండులో 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో బోలెడు బళ్ళు వెలిశాయి. అంటే మన వీధరుగు సీమకు వెళ్ళిందన్నమాట! అయితే అంతా బంగారమేం కాదులెండి. కోదండం వేయటం, బెత్తం దెబ్బలు ఉండేవి. ఆ అరుగు ఎక్కే అర్హత అన్ని కులాలకూ లేదు, ఆడపిల్లలు మరీ తక్కువ.

తరువాత ఇంగ్లీషు చదువు వచ్చింది. బందర్లో 1843లో రాబర్ట్ నోబుల్ దొరగారు బడి పెట్టారు. అదే నేటి నోబుల్ కాలేజీకి మొదలు. అక్కడా మొదట్లో పైకులాల పిల్లలకే చోటు. ఇంగ్లీషు బళ్ళ వల్ల గొప్ప మేలు జరిగింది, కాదనను. కాని సర్కారు పరీక్ష, గుమాస్తా ఉద్యోగం గురి కావటంతో గది ఆకారం కూడా దానికి తగ్గట్టే అయింది. ఒకరు చెప్పాలి, అందరూ ఎదురుగా కూర్చుని రాసుకోవాలి. బల్లల వరసలు అలా స్థిరపడ్డాయి.

దీనికి ఎదురు తిరిగిందీ మన బందరే. 1907లో బిపిన్ చంద్రపాల్ గారు ఆంధ్రదేశంలో ఉపన్యాసాలిచ్చి వెళ్ళాక, మన చదువు మనమే చెప్పుకోవాలన్న పట్టుదల పుట్టింది. కోపల్లె హనుమంతరావు గారు ఎం.ఎ., బి.ఎల్. చదివీ ప్లీడరీ వదిలేశారు. ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. కృష్ణా పత్రిక ముట్నూరి కృష్ణారావు గారు, డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఆయనకు తోడు. ముగ్గురూ కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు.

ఆ కళాశాల విశేషం ఏమిటంటే, పుస్తకంతో పాటు పనిముట్టుకీ చోటిచ్చారు. నేత, వడ్రంగం, చిత్రలేఖనం అన్నీ చదువే. పాఠం చెప్పే గదికి దగ్గరలోనే మగ్గం ఆడుతూంటే, ఆ చప్పుడు పాఠానికి అడ్డమని ఎవరూ అనుకోలేదు. జాతీయ పతాకాన్ని రూపొందించిన పింగళి వెంకయ్య గారు ఇక్కడ ఉపాధ్యాయులుగా పనిచేశారు. ఆయన పత్తి మీద చేసిన పరిశోధనకి జనం 'పత్తి వెంకయ్య' అని పిలిచేవారు. వంగదేశం నుంచి ప్రమోదకుమార చట్టోపాధ్యాయ గారు వచ్చి చిత్రకళ నేర్పారు. ఆయన దగ్గర నేర్చుకున్న అడివి బాపిరాజు గారు 1930లలో ఇదే కళాశాలకు ప్రిన్సిపాలయ్యారు. 1937లో గాంధీగారు వార్ధాలో చేతిపని ద్వారా చదువు అన్న మాట దేశం ముందు పెట్టారు. బందరు వాళ్ళు దాన్ని అప్పటికి పాతికేళ్ళ పైనే ముందుగా మొదలుపెట్టారు కదా!

మరి ఎందుకు నిలవలేదూ అంటే, కారణం మన ఇళ్ళల్లోనే ఉంది. ఆ చదువుకు సర్కారు ఉద్యోగం రాదు. వడ్రంగం నేర్పే బడికి మా అబ్బాయినెందుకు పంపాలీ అనే తల్లిదండ్రులే ఎక్కువ. 1922లో హనుమంతరావు గారు కాలం చేశారు. రానురాను అది విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండే మామూలు డిగ్రీ కళాశాల అయింది.

ఇక మా దివిసీమ సంగతి. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన మీకందరికీ తెలుసు. పదివేల మందికి పైగా పోయారు. అప్పటికి మా అమ్మ కొత్తకోడలు. గట్టి మేడ ఎక్కగలిగినవాళ్ళు బతికారు, పూరిళ్ళవాళ్ళు కొట్టుకుపోయారు అని చెప్పి ఇప్పటికీ కళ్ళొత్తుకుంటుంది. ఆ తరువాత తీరం పొడుగునా తుఫాను రక్షణ భవనాలు కట్టారు. స్తంభాల మీద ఎత్తుగా లేపి, నీళ్ళు కిందనుంచి పోయేట్టు ఖాళీ వదిలారు. వాటిలో చాలావాటిని మామూలు రోజుల్లో బళ్ళుగా వాడారు. నేను ఓనమాలు నేర్చింది అలాంటి దాన్లోనే. పైన పాఠాలు, కింద నీడలో ఆటలూ, గవ్వలతో లెక్కలూ. ఒకే కట్టడం రెండు పనులకు పనికొచ్చేట్టు మనవాళ్ళు కట్టగలరని అదే రుజువు. నీటి దారి ఆలోచించి కట్టినవాళ్ళం, పిల్లవాడి చేతుల్ని ఆలోచించి ఎందుకు కట్టలేం?

ఆ ప్రయత్నమూ జరక్కపోలేదు. 1984లో బ్రిటిషు ప్రభుత్వ సాయంతో మన రాష్ట్రంలో ప్రాథమిక విద్యా పథకం ప్రయోగంగా మొదలై, 1989 తరువాత రాష్ట్రమంతా పాకింది. 'అపెప్' అనేవారు. చేసి నేర్చుకోవటం, జట్లుగా కూర్చోవటం, ఊళ్ళో దొరికే వస్తువులు వాడటం, పిల్లలు చేసినవి గదిలో కట్టి చూపటం దాని సూత్రాలు. మా తమ్ముడు చదివేటప్పుడు వాళ్ళ బడిలో దారాలకు కాగితాలు వేలాడుతుండేవి. పథకాన్ని పరిశీలించిన వాళ్ళు చెప్పిందేమిటంటే, చాలా చోట్ల పైపై గుర్తులు వచ్చాయిగాని లోపలి పద్ధతి అంతగా మారలేదని. జట్టుగా కూర్చోబెట్టి, పాఠం మాత్రం వల్లెవేయించేవారు!

మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల పల్లెబళ్ళలో వేరే దారి పట్టారు. కార్డులతో పిల్లలు ఎవరి వేగాన వాళ్ళు, గుంపులుగా నేర్చుకుంటారు. అది చూసి మద్రాసు నగరపాలక బళ్ళు 2003లో మొదలుపెట్టాయి, తరువాత తమిళనాడంతా పాకింది. అక్కడ గోడ చుట్టూ పిల్లల ఎత్తుకి కింద నల్లబల్ల పెట్టారు. ప్రతి పిల్లకీ తన జానెడు బల్ల. సుద్దముక్క అయ్యవారి చేతిలోంచి పిల్ల చేతికొచ్చింది. పెద్ద ఖర్చు కాదు చూడండి!

మన రాష్ట్రంలో 2019లో మొదలైన 'నాడు-నేడు' మొదటి విడతలో 15,715 బళ్ళను బాగుచేశారు. మరుగుదొడ్లూ, మంచినీళ్ళూ, ఫాన్లూ, బల్లలూ వచ్చాయి. ఆడపిల్లకు మరుగుదొడ్డి ఎంత అవసరమో మనకు వేరే చెప్పాలా? ఆ పనులు తల్లిదండ్రుల కమిటీల చేతిమీదుగా జరిగాయి. అంటే మనం అడగవచ్చు, మనమాట నడుస్తుంది.

కాబట్టి ఈసారి కమిటీకి వెళ్ళినప్పుడు మూడు సంగతులు అడగండి. బల్లలు కదిలేట్టు ఉండాలని ఒకటి. పిల్లల ఎత్తుకి ఒక్క గోడకైనా నల్లరంగు వేయించమని రెండు. బీరువా తాళం తీయమని మూడు. పెడనలో కలంకారీ అద్దేవాళ్ళున్నారు. కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరేసిన గుడ్డమీద ఇనపముక్కలూ బెల్లమూ ఊరేసిన నీళ్ళు అద్దితే నలుపు ఎలా తిరుగుతుందో ఒక పూట వచ్చి చూపమంటే కాదంటారా? అంతకన్నా మంచి కెమిస్ట్రీ పాఠం ఏముంది?

వందేళ్ళ కిందట బందరు పెద్దలు మగ్గాన్ని బడిలోకి తెచ్చారు. మనలాంటి తల్లిదండ్రులే పిల్లల్ని పంపకుండా దాన్ని ఆపేశారు. ఆ తప్పు మళ్ళీ మనం చేయకూడదనే ఇంతసేపూ చెప్పాను. మా మీటింగు మళ్ళీ వచ్చేనెల. ఆ బోల్టుల సంగతి నేను అడగబోతున్నాను. మీరూ మీ ఊళ్ళో అడగండి.