మూసిన ద్వారాలు – తెరచిన గవాక్షం

చీనా, జపాను దేశాల పాలకులు శతాబ్దాల పర్యంతం సముద్రద్వారాలను మూసి ఉంచారు. అది కేవలం అజ్ఞానఫలమని తలచడం తొందరపాటు.

మింగ్ వంశస్థాపకుడైన హోంగ్‌వూ చక్రవర్తి, సముద్రచోరుల భయం మొదలైన కారణాల చేత, ప్రజల సముద్రవాణిజ్యాన్ని నిషేధించాడు. ఆ నిషేధం అమలులో ఉండగానే, 1405 నుండి 1433 వరకు జెంగ్ హే రాజాజ్ఞపై ఏడు మహానౌకాయాత్రలు సాగించాడు. ఆ నౌకలు మన కాలికట్ రేవుకు వచ్చాయి; కొన్ని ఆఫ్రికా తీరం దాకా వెళ్ళాయి. అనగా రాజుకు సముద్రం నిషిద్ధం కాలేదు, ప్రజలకే నిషిద్ధమైంది. తదనంతరం ఆ యాత్రలూ నిలిచిపోయాయి. చింగ్ వంశకాలంలో, 1661లో, తీరప్రాంతపు శత్రువులకు సహాయం అందరాదని తీరవాసులను బలవంతంగా లోపలికి తరలించి, వారి గ్రామాలను దగ్ధం చేశారు. రాజ్యరక్షణ పేర జరిగిన ఆ యజ్ఞంలో ఆహుతి అయినది సామాన్యుల జీవనమే. 1757 నుండి పాశ్చాత్యవర్తకులకు కాంటన్ ఒక్కటే రేవుగా మిగిలింది.

జపానులో తోకుగావా ప్రభుత్వం 1635లో స్వజనుల విదేశయాత్రను నిషేధించింది. వెళ్ళి తిరిగివచ్చినవారికి మరణదండన విధించింది. 1639లో పోర్చుగీసు నౌకలను వారించింది. 1641లో డచ్చివారిని నాగసాకిలోని దెజిమా అనే చిన్న కృత్రిమద్వీపానికి పరిమితం చేసింది. అయితే ఆ గవాక్షం గుండా సరుకులతో పాటు విదేశవార్తలు కూడా అందాలన్నది ప్రభుత్వనియమం. 1720లో షోగన్ యోషిమునే విదేశగ్రంథాలపై నిషేధాన్ని సడలించాడు. 1774లో సుగితా గెంపకు ప్రభృతి వైద్యులు డచ్చి భాషలోని శరీరశాస్త్రగ్రంథాన్ని అనువదించి ప్రకటించారు.

1842లో నల్లమందు యుద్ధంలో ఓడిన చీనా, నాన్‌జింగ్ సంధి ప్రకారం ఐదు రేవులను తెరచి, హాంకాంగ్‌ను వదులుకొంది. ఆ యుద్ధవార్తలు విన్న జపాను ప్రభుత్వం, విదేశనౌకలను తరిమివేయమన్న 1825 నాటి శాసనాన్ని అదే సంవత్సరం ఉపసంహరించుకొంది. 1853లో అమెరికా సేనాని పెర్రీ రాబోతున్నాడని డచ్చివారు ముందే హెచ్చరించినా, తగిన సన్నాహం జరగలేదు. 1858 నాటి అసమానసంధులు జపానుకూ తప్పలేదు. అయినా, డచ్చి విద్య నేర్చిన ఫుకుజావా యుకిచి వంటివారు నూతనవిద్యకు మార్గదర్శకులయ్యారు.

ఆపదలో తాబేలు అంగాలను ముడుచుకొనడం సహజమే. కాని ఆపద తొలగిందో లేదో తెలుసుకొనడానికి దానికీ ఒకనాడు తల బయట పెట్టక తప్పదు.