వేడిని ఎరిగిన ఊరు: చౌక కంప్యూటరు, పెంచిన వేగం

1902 జూన్ 30న శివనసముద్రం దగ్గర కావేరి నీటితో పుట్టిన కరెంటు సుమారు 147 కిలోమీటర్ల తీగల మీద నడిచి కోలారు బంగారు గనులకు చేరింది. ఆ పథకాన్ని తలపెట్టిన మైసూరు దివాన్ శేషాద్రి అయ్యర్ ఆ రోజు చూడకుండానే 1901లో కన్నుమూశారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలగడానికి మూడేళ్ల ముందే మా గనుల్లో మోటార్లు తిరిగాయి. ఆ తర్వాత ఆ గనుల చుట్టూ పెరిగిన మా ఊరు తరతరాలుగా యంత్రాన్ని దాని హద్దుదాకా నడిపించింది. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. అక్కడ రాతి వేడి 60 డిగ్రీలు దాటింది. చల్లబరిచిన గాలిని కిందికి పంపితే తప్ప మనిషి నిలబడలేని చోటది. ఇంకా లోతుకు పోవాలంటే బంగారం ఉందా అని ఒక్కటే అడిగితే సరిపోదు, ఆ వేడిని బయటికి ఎలా తోడాలో కూడా తేల్చుకోవాలి. నూరేళ్ల తర్వాత ఆ గని కార్మికుల మనవలు ఇంట్లో బల్ల మీద కంప్యూటరు క్యాబినెట్ మూత విప్పి కూర్చున్నప్పుడు వాళ్ల ముందుకు వచ్చింది కూడా ఇదే లెక్క.

ప్రాసెసర్‌ను కంపెనీ నిర్ణయించిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడమే ఓవర్‌క్లాకింగ్. 1984లో వచ్చిన ఐబీఎం ఏటీ కంప్యూటరు 6 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. లోపలి క్వార్ట్జ్ స్ఫటికాన్ని తీసి ఇంకోటి పెడితే 8 మెగాహెర్ట్జ్ అందుకుంటుందని వాడేవాళ్లు కనిపెట్టారు. కంప్యూటరును మొదలుపెట్టే ప్రోగ్రాం అయిన బయోస్ తర్వాతి కూర్పు‌లో ఐబీఎం ఆ దారి మూసేసింది. వాడేవాడు దారి తీయడం, కంపెనీ మూయడం అనే ఆట అక్కడే మొదలైంది. అయితే అప్పట్లో కంప్యూటరు కొనగలిగిన ఇల్లు ఈ జిల్లాలో వేళ్ల మీద లెక్కపెట్టేంత, కనుక ఆ ఘట్టం మనకు దూరంగానే జరిగిపోయింది.

సామాన్యుడి చేతికి ఈ విద్య అందించినది 1998 ఆగస్టులో ఇంటెల్ విడుదల చేసిన సెలెరాన్ 300ఏ. అంతకుముందు నెలల్లో వచ్చిన మొదటి సెలెరాన్లలో రెండో అంచె క్యాష్ మెమరీ లేనే లేదు, అందరూ పెదవి విరిచారు. 300ఏలో మాత్రం 128 కేబీ క్యాష్‌ను చిప్పులోనే, ప్రాసెసర్‌తో సమానమైన వేగంతో పెట్టారు. దాని బస్సు, అంటే బోర్డు ఇచ్చే మూల వేగం, 66 మెగాహెర్ట్జ్; దాన్ని 4.5 గుణకంతో హెచ్చిస్తే ప్రాసెసర్ వేగం వస్తుంది. 440బీఎక్స్ చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డులో బస్సును 100కు పెంచితే అది 450 అయ్యేది. అదే రోజు మార్కెట్లోకి వచ్చిన పెంటియం-2 450కి నాలుగో వంతు కంటే తక్కువ ధర పెట్టి, దాని పక్కన నిలబడగల యంత్రాన్ని ఇంట్లో కట్టుకోవచ్చు. ఇందులో ఇమిడిన కొనుగోలు సూత్రం ఇప్పటికీ మారలేదు: ఒకే డిజైన్‌లో తయారైన చిప్పుల్లో అడుగున ఉన్నదాన్ని కొను, మిగిలిన డబ్బు బోర్డు మీద పెట్టు. అబిట్ బీహెచ్6 బోర్డుకు అంత పేరు రావడానికి కారణం జంపర్లు మార్చే పని లేకుండా బయోస్ నుంచే వేగం మార్చుకునే వీలుండటం.

2000లో ఏఎండీ డ్యూరాన్, థండర్‌బర్డ్ అథ్లాన్ వచ్చాయి. గుణకానికి తాళం వేశారు, అందుకే చిప్పు పైముఖం మీద ఎల్1 అని గుర్తున్న చిన్న చిన్న గీతలు తెగి ఉండేవి. బాగా చెక్కిన పెన్సిల్ మొనతో, భూతద్దం కింద, చెయ్యి వణకకుండా ఆ తెగినచోట్లను కలిపితే తాళం ఊడేది. పెన్సిల్‌లోని గ్రాఫైట్ కరెంటును పోనిస్తుంది, రహస్యమంతా అదే. గీత పక్కదానికి తగిలితే తుడిచి మళ్లీ గీయాలి. ఒక రూపాయి పెన్సిల్ చేసిన పనికి నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ మరుసటి సంవత్సరం, 2001 ఫిబ్రవరి 28న, మా గనులను నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. జీతాలు ఆగిన ఇళ్లలోంచి వేలమంది తెల్లవారుజామున మారికుప్పంలో, ఊరిగాంలో రైలెక్కి బంగారుపేట మీదుగా బెంగళూరు పనులకు వెళ్లడం మొదలైంది. రైలు ఒక కొత్త అంగడిని కూడా మా ఊరికి దగ్గర చేసింది. అదే టౌన్‌హాల్ దగ్గరి సదర్ పాత్రప్ప రోడ్డు, అందరి నోట ఎస్పీ రోడ్డు.

ఎస్పీ రోడ్డులో విడిభాగాలు కొని, ఒళ్లో పెట్టుకుని సాయంత్రం రైల్లో తెచ్చుకున్న తరానికి 2007 మరువరాని ఏడు. పెంటియం డ్యూయల్‌కోర్ ఈ2140 అప్పుడు వచ్చింది. 200 బస్సు, 8 గుణకం, మొత్తం 1.6 గిగాహెర్ట్జ్. బస్సును 333 చేస్తే 2.66. చాలా చిప్పులు అంతకంటే పైకీ పోయాయి. నేనూ ఒకటి కట్టాను, ఒక పొరపాటూ చేశాను. ప్రాసెసర్‌లో మిగిల్చిన డబ్బును బోర్డుకు పెట్టి, కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ మాత్రం పేరులేనిది తీసుకున్నాను. డబ్బా మీద 450 వాట్లని ఉంది. చేత్తో ఎత్తితే ఖాళీ డబ్బాలా తేలిక, అప్పుడే అనుమానపడి ఉండాల్సింది. వోల్టేజి కాస్త పెంచిన మూడోనాడు కాలిన వాసనతో ఆగిపోతూ బోర్డును కూడా తీసుకుపోయింది. అప్పటినుంచి ఎవరు సలహా అడిగినా ఎస్ఎంపీఎస్ ముందు, ప్రాసెసర్ తర్వాత అంటాను. వీధి కరెంటు ఎగిరిపడే ఊళ్లలో ఇది మరీ అవసరం.

లెక్క కూడా అదే చెబుతుంది. చిప్పు తాగే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజి వర్గంతో పాటు పెరుగుతుంది. వేగం పది శాతం, వోల్టేజి పది శాతం పెంచితే వేడి మూడో వంతు ఎక్కువవుతుంది. కాబట్టి కూలర్‌కు పెట్టిన రూపాయి వృథా కాదు. థర్మల్ పేస్ట్ మాత్రం చిన్న శనగగింజంత చాలు. ఇంత చేసినా ఒకే అచ్చు చిప్పుల్లో ఒకటి ఎక్కువ వేగం అందుకుంటుంది, ఒకటి అందుకోదు. టన్ను రాతిలో ఎన్ని గ్రాములు దొరుకుతాయో తవ్వి చూస్తే తప్ప తెలియని ఊరివాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

2011 జనవరిలో ఇంటెల్ బస్సు దారిని దాదాపు మూసేసింది. శాండీబ్రిడ్జ్‌లో మూల గడియారం 100 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉండిపోయింది. దాన్ని కదిపితే మిగతా భాగాలూ తడబడతాయి. పేరు చివర 'కె' అక్షరం ఉన్న ఖరీదైన చిప్పులకే గుణకం తెరిచారు. చౌక యంత్రం కట్టేవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. 2014లో పెంటియం ఇరవయ్యేళ్ల గుర్తుగా గుణకం తెరిచి వచ్చిన జీ3258 కొంత ఊరటనిచ్చింది కానీ, ఉన్నవి రెండే కోర్లు కావడంతో కొత్త ఆటల ముందు త్వరలోనే చాలకుండా పోయింది. అసలు మలుపు 2017లో ఏఎండీ రైజెన్. అప్పుడు వచ్చిన రైజెన్ చిప్పులన్నిటికీ గుణకం తెరిచే ఉంది, బీ350 లాంటి మధ్యశ్రేణి బోర్డులోనూ వేగం పెంచుకోవచ్చు, ఏ320లో మాత్రం కుదరదు. ఆరు కోర్ల రైజెన్ 5 1600తో పాటు పెట్టెలో పనికొచ్చే కూలర్ కూడా ఉండేది. ర్యామ్ వేగం చిప్పు లోపలి దారులను కూడా వేగపరిచేది కనుక, 2133 బదులు 3200 తీసుకోవడం ఈ యంత్రాల్లో విలువైన ఖర్చయింది.

ఇప్పటి ప్రాసెసర్లు తమంత తామే దాదాపు హద్దుదాకా పరుగెడతాయి. చేత్తో పెంచితే వచ్చేది కొద్ది శాతమే. నేర్పు ఇప్పుడు వోల్టేజిని తగ్గించడంలో ఉంది. వేడి తగ్గితే చిప్పు తానే ఎక్కువసేపు పై వేగంలో నిలుస్తుంది. అందుకే ఈనాడు కొనేవాళ్లకు నా మాట: బీ550, బీ650 వంటి బోర్డు, నమ్మకమైన ఎస్ఎంపీఎస్, గాలి ఆడే క్యాబినెట్, ఆ తర్వాత మిగిలినదానికి తగిన ప్రాసెసర్.

ఒక్క మనవి. మా ఊరి రాబర్ట్‌సన్‌పేటలోనో ఆండర్సన్‌పేటలోనో మీ అటక మీద పాత సెలెరాన్, డ్యూరాన్, ఈ2140 ఉంటే తూకానికి వేయకండి. ఎస్పీ రోడ్డు చీటీ దొరికితే దాన్నీ జతచేసి, ఎవరు కట్టారో, ఎంత వేగం వచ్చిందో ఒక కాగితం మీద రాసి ఉంచండి. చాంపియన్ రీఫ్ లోతుల్లోకి దిగినవారి మాటలు చాలామటుకు రాసుకోకుండానే పోగొట్టుకున్నాం.