తరంగంబాడిలో ఒక పగలు

మా ఫ్రెండ్ వాళ్ల మామగారికి డెబ్భై నిండాయి. భీమరథ శాంతి తిరుక్కడయూరులోనే చేయించాలని వాళ్లింట్లో అందరి పట్టు. అరవైకి షష్టిపూర్తి అయినా, డెబ్భైకి భీమరథ శాంతి అయినా మనవాళ్లు చాలామంది అక్కడికే వెళ్తారు కదా, మీలో కొందరు వెళ్లే ఉంటారు. పూజ మర్నాడు. మేం ముందురోజు ఉదయానికే చేరిపోయాం. మగవాళ్లు పంతులుగారితో సామాను లెక్కలు చూసుకుంటున్నారు, పిల్లలు ఫోన్లలో ఉన్నారు. మేం నలుగురం ఆడవాళ్లం మాత్రం సత్రం వరండాలో పూలు కడుతూ కూర్చున్నాం.

"ఇక్కడికి పది కిలోమీటర్ల లోపే సముద్రం ఉందట, పోదామా?" అంది మా చిత్తూరు ఫ్రెండ్. మా నలుగురిలో తమిళం వచ్చింది తనొక్కదానికే. పెళ్లయ్యి ఇరవై రెండేళ్లు, భర్తా పిల్లలూ లేకుండా నేను సముద్రం దగ్గరికి వెళ్లింది లేదు. సగం కట్టిన మాల అత్తగారి చేతిలో పెట్టి, పులిహోర డబ్బా సంచిలో వేసుకుని ఆటో ఎక్కేశాం.

ఆ ఊరే తరంగంబాడి. అలలు పాడే ఊరని అర్థం చెప్తారు. డెన్మార్క్ వాళ్ల నోట్లో అది ట్రాంకెబార్ అయింది. 1792లో కట్టిన తెల్లటి కోట ద్వారం దాటగానే రాజవీధి. రెండు పక్కలా లావుపాటి స్తంభాల పాతకాలపు మేడలు, వాటి నీడలో మేకలు. వీధి చివర సముద్రం. మేం దిగి దిక్కులు చూస్తుంటే ఒకావిడ ఎదురొచ్చి, ఊరు చూపిస్తానంది. మా వయసే ఉంటుంది. జాకెట్టులో దోపుకున్న చిన్న నోట్‌బుక్కు, చేతిలో ప్లాస్టిక్ బుట్ట. చేపలు పట్టేవాళ్ల ఇంటి కోడలట. చూసేవాళ్లు వచ్చిన రోజు ఊరు చూపిస్తుంది, రాని రోజు చేపలు అమ్ముతుంది. బేరం కుదిరాక మమ్మల్ని "అక్కా" అనడం మొదలుపెట్టింది.

మొదట డాన్స్‌బోర్గ్ కోటకి తీసుకెళ్లింది. ఇసుక రంగు గోడలు, సముద్రానికి ఎదురుగా ఫిరంగులు. టికెట్ తీసుకుని లోపలికెళ్తుంటే ఆవిడ చెప్పడం, చిత్తూరు ఫ్రెండ్ తెలుగులో మాకు అందించడం. "నాలుగు వందల ఏళ్ల కిందట తంజావూరు రాజు ఈ చోటు డెన్మార్క్ వాళ్లకి ఇచ్చాడు, 1620లో."

1620 అనగానే నా అడుగు ఆగిపోయింది. తంజావూరు, 1620. అంటే రఘునాథ నాయకుడే కదా!

బి.ఏ.లో దక్షిణాంధ్ర యుగం చదివినవాళ్లకి ఆ పేరు చెప్పక్కర్లేదు. చేమకూర వెంకటకవి విజయవిలాసం అంకితం ఇచ్చింది ఆయనకే. వాల్మీకి చరిత్రం రాసిందీ, తెలుగులో రామాయణం చెప్పిందీ, వీణ వాయించిందీ ఆయనే. మా లెక్చరర్ గారు విజయవిలాసంలో ఒక్కో పద్యం గంటసేపు చెప్పేవారు. ఆ రాజు కాలంలోనే తెల్లవాళ్లు ఓడలేసుకుని వచ్చి ఆయన గుమ్మంలో నిలబడ్డారని మాత్రం మాకెవరూ చెప్పలేదు. సాహిత్య చరిత్ర ఒక పుస్తకంలో, దేశ చరిత్ర ఇంకో పుస్తకంలో ఉండేవి.

అక్కడ జరిగిన కథ కూడా చిన్నదేం కాదు. డెన్మార్క్ ఓడలు 1618లో బయల్దేరింది సింహళానికి, కాండీ రాజుతో పొత్తు కోసం. తీరా వెళ్లేసరికి ఆ పొత్తు కుదరలేదు. ముందుగా వచ్చిన ఓడొకటి కారైకాల్ దగ్గర పోర్చుగీసువాళ్ల చేతిలో మునిగింది. అందులోంచి బతికి బయటపడ్డ క్రాపే అనే వ్యాపారి రఘునాథుడి దగ్గరికి చేరాడు. తర్వాత ఓవె గిడ్డె అనే సేనాని వచ్చి నవంబరులో ఒప్పందం చేసుకున్నాడు. ఏటా కొంత సొమ్ము కట్టాలి, కోట కట్టుకోవచ్చు, మిరియాలు కొనుక్కోవచ్చు. రఘునాథుడు డెన్మార్క్ రాజుకి బంగారు రేకు మీద రాయించి పంపిన ఉత్తరం ఇప్పటికీ కోపెన్‌హాగన్‌లో భద్రంగా ఉంది.

ఇదంతా నేను గబగబా చెప్పేస్తుంటే మావాళ్లు నోరు తెరిచి చూస్తున్నారు. గైడక్క నోట్‌బుక్కు తీసి, "ఆ రాజు తెలుగువాడా? కవిత్వం రాసేవాడా?" అని చిత్తూరు ఫ్రెండ్‌ని మళ్లీ మళ్లీ అడిగి రాసుకుంది. నా బి.ఏ. ఎవరికైనా పనికొచ్చి ఎన్నేళ్లయిందో. పోయినేడు మా అమ్మాయి కాలేజీ అప్లికేషన్‌లో 'తల్లి విద్యార్హత' దగ్గర ఆగి, "బి.ఏ. తెలుగంటే ఏం రాయనమ్మా, ఊరికే డిగ్రీ అని రాసేయనా?" అంది. రాసేయమన్నాను.

కోట కింది భాగంలో గదులు చీకటిగా ఉన్నాయి. సరుకుల గదులు, వంటిల్లు, ఖైదీల గది. వంటిల్లు చూడగానే మా నలుగురికీ ఒకటే ఆలోచన, పొగ ఎటు పోయేదీ అని. ఈ కోటకి ఒక వింత రోజులొచ్చాయి. ఇరవై ఏళ్లకి పైగా డెన్మార్క్ నుంచి ఒక్క ఓడ కూడా రాలేదు. ఉన్నవాళ్లు ఒక్కొక్కరే పోయారు. చివరికి 1655 నాటికి ఎస్కిల్ అండర్సన్ అనే మామూలు సిపాయి ఒక్కడే డేన్‌గా మిగిలి, ఊరివాళ్లని పెట్టుకుని కోట నిలబెట్టాడు. ఊరి చుట్టూ గోడ కూడా కట్టించాడట. 1669లో ఓడ వచ్చింది. అన్నేళ్లూ అతనికి అన్నం వండిపెట్టింది ఎవరో, ఆ పేరు మాత్రం ఏ బోర్డు మీదా కనబడలేదు.

ఖైదీల గది దగ్గర గైడక్క ఇంకో కథ చెప్పింది. జర్మనీ నుంచి సీగెన్‌బాల్గ్ అనే పాతికేళ్లు కూడా నిండని పాదిరీ 1706 జులైలో ఇక్కడ దిగాడు. ఇసుకలో పిల్లల పక్కన కూర్చుని తమిళ అక్షరాలు దిద్దుకున్నాడని చెప్తారు. ఇక్కడున్న డేన్ అధికారికి అతనంటే గిట్టదు. ఒక మంగలి చనిపోయాడు. అతని భార్యకి ఒక అప్పు విషయంలో తగాదా వచ్చింది. పాదిరీ ఆవిడ తరఫున మాట్లాడాడు. మాటా మాటా పెరిగి అతన్ని నాలుగు నెలలు ఈ కోటలోనే పెట్టారు. విడుదలయ్యాక అతని జీవితమంతా పుస్తకాలకెక్కింది.

"ఆ మంగలి పెళ్లాం ఏమైంది?" అంది నా పక్కన నిలబడ్డ ఫ్రెండ్. తనకి భర్త పోయి నాలుగేళ్లు. ఆయన చేబదులు ఇచ్చిన డబ్బుల కోసం ఇప్పటికీ ఒకరి ఇంటి చుట్టూ తిరుగుతోంది. గైడక్క చేతులు తిప్పింది, తెలియదన్నట్టు. ఆవిడ పేరు నేనూ ఎక్కడా చదవలేదు. నా ఫ్రెండ్ ఆ గదిలోంచి అందరికంటే ఆఖరున బయటికొచ్చింది.

బయట లేత కొబ్బరికాయలు తాగి, 1718లో కట్టిన న్యూ జెరూసలేం చర్చి చూశాం. సీగెన్‌బాల్గ్ సమాధి అందులోనే. ముప్పై ఏడో ఏట 1719లో పోయాడు. ఆ లోపే ఎంత పని చేశాడంటే, 1707లోనే ఆడపిల్లలకి బడి పెట్టాడు. 1712లో అచ్చు యంత్రం తెప్పించాడు. జర్మనీ నుంచి వచ్చిన తమిళ అక్షరాలు మరీ పెద్దవై కాగితం చాలకపోతే, చీజ్ డబ్బాల సీసపు రేకులు కరిగించి చిన్న అక్షరాలు పోత పోయించారట. డబ్బాలు పారేయకుండా దాచుకునే మా అత్తగారు గుర్తొచ్చి నవ్వుకున్నాను. 1715 కల్లా బైబిలు కొత్త నిబంధన తమిళంలో అచ్చయింది.

మన తెలుగుకి కూడా ఈ ఊళ్లో ఒక దారపుపోగు ఉంది. సీగెన్‌బాల్గ్ పోయిన ఏడే బెంజమిన్ షుల్జ్ అనే ఇంకో పాదిరీ ఇక్కడికొచ్చాడు. తర్వాత మద్రాసు వెళ్లి తెలుగు నేర్చుకుని, 1728లో తెలుగు వ్యాకరణం రాశాడు. జర్మనీకి తిరిగి వెళ్లాక 1746లో హాలే పట్నంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో మొట్టమొదటి అచ్చు పుస్తకాలు అవే. మతం కోసమే వేశారు, నిజమే. అయినా మన అక్షరం మొదటిసారి సీసంలోకి దిగింది అంత దూరంలోనని తలుచుకుంటే ఏదోలా ఉంటుంది.

1845లో డేన్‌లు ఈ ఊరినీ, బెంగాల్లోని శ్రీరాంపూర్‌నీ కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకి ఇంగ్లీషువాళ్లకి అమ్మేశారు. ఆ తర్వాత వ్యాపారం నాగపట్నం వైపు మళ్లింది, ఊరు నిద్రపోయింది.

ఎండ నెత్తికెక్కే వేళకి మాసిలామణినాథర్ గుడి దగ్గరున్నాం. పాండ్య రాజుల కాలం నాటి శివాలయం, డేన్‌లకంటే మూడు వందల ఏళ్లు పెద్దది. ముందు భాగం సముద్రం తినేసింది. ఇప్పుడు అలలకి అడ్డంగా పెద్ద పెద్ద రాళ్లు పోశారు. ఆ రాళ్ల మీద కూర్చుని పులిహోర తిన్నాం. గైడక్కకీ ఆకులో పెట్టాం. తింటూనే ఒక చోటు చూపించి, "అక్కడ మా ఇల్లు" అంది. అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు.

2004 డిసెంబరు 26, ఆదివారం. అప్పటికి ఆవిడ పెళ్లయి వచ్చి రెండేళ్లు. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని పొద్దున్నే ఊళ్లోకి అమ్మడానికి వెళ్లింది కాబట్టి బతికింది. అత్తగారు ఇంట్లో ఉన్నారు. అంతవరకు చెప్పి, అన్నం మీదకి ఇసుక రాకుండా ఆకు పక్కకి జరుపుకుంది. మా చిత్తూరు ఫ్రెండ్ తెలుగులో చెప్పబోయి ఆగిపోయింది. చెప్పక్కర్లేకుండానే మాకు అర్థమైంది.

కాసేపయ్యాక ఆవిడే మాట మార్చింది. సముద్రానికి దూరంగా కొత్త ఇళ్లు కట్టించి ఇచ్చారట. "ఆ కాగితం మీద మా ఆయన పేరుతో పాటు నా పేరు కూడా రాశారక్కా. రేషన్ కార్డు కాకుండా నా పేరున్న కాగితం అదే మొదటిది." ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నిటారుగా కూర్చుంది.

అప్పుడు నేను రామభద్రాంబ గురించి చెప్పాను. రఘునాథుడి సభలో ఆడవాళ్లు కవిత్వం చెప్పేవారు. రామభద్రాంబ ఆయన కథనే రఘునాథాభ్యుదయం పేరుతో సంస్కృతంలో కావ్యంగా రాసింది. మధురవాణి ఆయన తెలుగు రామాయణాన్ని సంస్కృతంలోకి మార్చింది. పరీక్షలో ఈ ఇద్దరి మీదా లఘుటీక వచ్చేది. అరపేజీ రాస్తే చాలు. నేనూ అరపేజీయే రాశాను, ఒట్టి మార్కుల కోసం.

గైడక్క తినడం ఆపేసింది. "ఈ చోటు ఇచ్చిన రాజు కథ ఆడమనిషి రాసిందా?" అంది. చెయ్యి కడుక్కుని, చీర కొంగుతో తుడుచుకుని, నోట్‌బుక్కు తీసి చిత్తూరు ఫ్రెండ్‌కి ఇచ్చింది. తనకి తమిళం మాట్లాడటమే తప్ప రాయడం అంతంత మాత్రం. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రా-మ-భ-ద్రాం-బ అని రాసింది. తమిళంలో 'భ' ఎలా రాయాలన్న దాని మీద ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. కింద రెండో పేరూ రాయించుకుంది. రేపు కుంభకోణం నుంచి కాలేజీ పిల్లలు వస్తున్నారట, వాళ్లకి చెప్తుందట.

నా ఫోన్ మోగింది. మావారు. "ఎక్కడున్నారు మీరంతా? పంతులుగారు తమలపాకులు అడుగుతున్నారు, ఏ సంచిలో పెట్టావు?"

నీలం సంచిలో, తడిగుడ్డ కింద అన్నాను.